చలికి చేప ఎటు పోతుంది? కొండ చెరువులో ట్రౌట్, తాటిపూడిలో శీలావతి

[విజువల్: తెల్లవారుజాము. తాటిపూడి రిజర్వాయర్ గట్టు, నీళ్ళ మీద పొగమంచు, అవతల కొండలు మసగ్గా]

నమస్తే అండి. ఇది విజయనగరం జిల్లా గంట్యాడ మండలం, గోస్తనీ నది మీద కట్టిన తాటిపూడి రిజర్వాయర్. కార్తీకం వెళ్ళిపోతోంది, చలి బాగా దిగింది, ఈ రోజుల్లో ఇటువైపు గాలం వేసేవాళ్ళని ఎవరిని కదిపినా ఒకటే మాట, "చలికి చేప ఎర ముట్టట్లేదండి" అని. అదే మనిషి ఇంటికెళ్ళి ఫోన్ తెరిస్తే, ఎక్కడో హిమాలయాల్లో కొండల మధ్య చెరువు పక్కన, ఉన్ని టోపీ పెట్టుకుని నోట్లోంచి ఆవిరి వస్తుండగా ఒకాయన వరసగా ట్రౌట్ చేపలు లాగుతుంటాడు. ఇక్కడి చలికే మన చేప ముడుచుకుపోతే, అంతకంటే ఎంతో ఎక్కువ చలిలో ఆ చేప అంత హుషారుగా ఎలా ఉంది? ఈ వీడియో అంతా దాని గురించే. కారణం తెలిస్తే ఎప్పుడు, ఎక్కడ, ఎంత లోతులో గాలం వెయ్యాలో ఎవరూ చెప్పక్కర్లేదు, మీకే తెలిసిపోతుంది.

[విజువల్: నీళ్ళలో థర్మామీటర్ ముంచుతున్న చెయ్యి, దగ్గరగా]

చేపకి మనలాగా ఒంట్లో సొంత వేడి ఉండదు. చుట్టూ నీళ్ళు ఎంత వేడిగా ఉంటే దాని ఒళ్ళూ దాదాపు అంతే. తిన్నది అరగడం, ఈదడం, ఆకలి వెయ్యడం, అన్నీ ఆ నీటి వేడిని బట్టే నడుస్తాయి. మన బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వేడి నీళ్ళకి పుట్టిన చేపలు, 25 నుంచి 32 డిగ్రీల మధ్య బ్రహ్మాండంగా తింటాయి, నీళ్ళు 20కి దగ్గర పడుతుంటే మేత తగ్గించేస్తాయి. చేపల చెరువులున్న రైతులకి ఇది కొత్త కాదు, చలికాలం మేత తగ్గించేది అందుకే. ట్రౌట్ దీనికి పూర్తిగా తిరగేసిన చేప. దానికి 10 నుంచి 16 డిగ్రీలు హాయి, 20 దాటితే ఇబ్బంది, 25 దగ్గరికి వెళ్తే ప్రాణం మీదకి వస్తుంది.

ట్రౌట్ మన దేశంలో పుట్టిన చేప కూడా కాదు. బ్రౌన్ ట్రౌట్‌ది యూరప్, రెయిన్‌బో ట్రౌట్‌ది ఉత్తర అమెరికా పడమటి తీరం. బ్రిటిష్ వాళ్ళ కాలంలో స్కాట్లాండ్ నుంచి కాశ్మీర్‌కి ఓడలో గుడ్లు తెప్పించారు. 1899లో వచ్చినవి దారిలోనే పాడైపోతే 1900లో మళ్ళీ తెప్పించారు, అవి బతికాయి. అలా మొదలై ఇప్పుడు కాశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్, సిక్కిం, ఇటు దక్షిణాన నీలగిరులు, మున్నార్ కొండల దాకా ఉన్నాయి.

చాలామంది అడిగే ప్రశ్న, అరకులో పెంచకూడదా అని. అరకు చలి శీతాకాలం వరకేనండి. ఎండాకాలం మధ్యాహ్నం 30 దాటిపోతుంది. ట్రౌట్‌కి ఏడాది పొడవునా చల్లగా పారే నీళ్ళు కావాలి, మన తూర్పు కనుమలు అంత ఎత్తు లేవు.

[విజువల్: బోర్డు మీద రెండు గ్లాసుల బొమ్మ, ఒకటి 10 డిగ్రీలు, ఇంకొకటి 30 డిగ్రీలు]

ఇప్పుడు ఆక్సిజన్ సంగతి. ఇది కాస్త నెమ్మదిగా వినండి, అసలు విషయం ఇక్కడే ఉంది. చల్లని నీళ్ళు ఎక్కువ ఆక్సిజన్ పట్టుకుంటాయి, వెచ్చని నీళ్ళు తక్కువ. సముద్రమట్టం దగ్గర 10 డిగ్రీల నీటిలో లీటరుకి సుమారు 11.3 మిల్లీగ్రాములు కరుగుతుంది, 30 డిగ్రీల నీటిలో సుమారు 7.5 మాత్రమే. ఇంతవరకూ అందరూ చెప్తారు. కానీ కొండ మీద ఇంకో లెక్క కలుస్తుంది. కాశ్మీర్‌లో హర్ముఖ్ కొండ కింద గంగాబల్ అని ఒక చెరువుంది, 3,500 మీటర్లు దాటిన ఎత్తు, అందులో బ్రౌన్ ట్రౌట్ ఉంది. అంత ఎత్తున గాలి పలచన, గాలి ఒత్తిడి కింద ఉన్నదాంట్లో దాదాపు మూడింట రెండొంతులే. నీళ్ళలో కరిగే ఆక్సిజన్ కూడా అదే వంతున తగ్గుతుంది. అంటే అక్కడి 10 డిగ్రీల చల్లని నీటిలో ఉండే ఆక్సిజన్, ఇక్కడ మన 30 డిగ్రీల నీటిలో ఉండే ఆక్సిజన్, రెండూ ఇంచుమించు ఒకటే!

నాకు ఈ లెక్క చాలా ఇష్టం, ఎందుకంటే కొండ చెరువులో ట్రౌట్‌కి చలి ఎందుకంత ప్రాణమో దీంతో అర్థమైపోతుంది. అదే చెరువు పైపొర ఎండకి ఇంకో పది డిగ్రీలు వేడెక్కిందనుకోండి, ఆక్సిజన్ లీటరుకి 6 మిల్లీగ్రాముల దగ్గరికి పడిపోతుంది, పైగా వేడికి చేప ఒంటికి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి, అవసరం పెరుగుతుంటే సరుకు తగ్గుతుంది. అందుకే ఎండ రోజుల్లో ట్రౌట్ పైకి రాదు, చల్లని లోతుల్లోనో, మంచు కరిగి వాగు వచ్చి కలిసే చోటో దాక్కుంటుంది.

[విజువల్: చెరువు కోత బొమ్మ, పైన వెచ్చని పొర, కింద చల్లని పొర, తర్వాత రెండూ కలుస్తున్నట్టు]

ఇక చలి మొదలయ్యే సెప్టెంబరు, అక్టోబరుకి వద్దాం. లోతైన చెరువులో ఎండాకాలం నీళ్ళు రెండు పొరలుగా విడిపోతాయి. వెచ్చనివి తేలిక కాబట్టి పైన, చల్లనివి బరువు కాబట్టి కింద. పెరుగు మీద మీగడ ఉన్నట్టు ఒకదాని మీద ఒకటి ఉంటాయి తప్ప కలవవు. రాత్రుళ్ళు చలి పెరిగేకొద్దీ పైపొర చల్లబడి, బరువెక్కి, కిందికి దిగుతుంది. పైనా కిందా వేడి ఒకటయ్యాక ఒక్క రోజు గట్టి గాలి వీస్తే చాలు, చెరువు మొత్తం అడుగు నుంచి పైదాకా తిరగబడి కలిసిపోతుంది. కింద చిక్కుకున్న పోషకాలు పైకి, పైనున్న ఆక్సిజన్ కిందికి. ఇప్పుడు ట్రౌట్‌కి చెరువంతా సొంత ఇల్లే. లోతుల్లో దాక్కున్నది ఒడ్డుకి వచ్చేస్తుంది, మోకాలి లోతు నీళ్ళలో రాళ్ళ మధ్య పురుగులు, చిన్న చేపలు వేటాడుతుంది. ముందు శీతాకాలం ఉంది కదా, ఇప్పుడే ఒళ్ళు చేసుకోవాలి.

కాబట్టి ఈ సీజన్లో కొండ చెరువు దగ్గర అందరూ చేసే పొరపాటు, వెళ్ళీ వెళ్ళగానే నీళ్ళలోకి దిగిపోయి చెరువు మధ్యకి విసరడం. చేప మీ కాళ్ళ దగ్గరే ఉంది! గట్టుకి నాలుగడుగులు వెనక్కి నిలబడి, ముందు ఒడ్డు వెంబడి వెయ్యండి. గాలి ఏ ఒడ్డుకి కొడుతోందో ఆ ఒడ్డుకి వెళ్ళండి. ముఖానికి చలిగాలి కొడుతుంది, విసరడం కష్టం, అయినా అక్కడికే వెళ్ళాలి, ఎందుకంటే నీటి మీద తేలే పురుగులన్నిటినీ గాలి అటే తోస్తుంది, ట్రౌట్ వాటి వెనకే వస్తుంది.

పద్ధతులు రెండు. స్పిన్నర్ అని తళతళలాడే చిన్న రేకు ఉంటుంది, దాని బరువుతో దారం ముందుకు వెళ్తుంది, రీలు తిప్పుతుంటే చిన్న చేప ఈదుతున్నట్టు మెరుస్తుంది. చల్లని నీళ్ళలో రీలు మామూలు కంటే నెమ్మదిగా తిప్పాలి. రెండోది ఫ్లై. ఈకలు, దారం చుట్టి పురుగులా తయారుచేసిన ముల్లు, దానికి బరువే ఉండదు, అందుకని దారాన్నే బరువుగా చేసి, రాడ్డుతో వెనక్కీ ముందుకీ ఊపి వదులుతారు. నేర్చుకోడానికి టైం పడుతుంది కానీ చూడ్డానికి మాత్రం కళ్ళు తిప్పుకోలేం. నీళ్ళు 5 డిగ్రీల కిందికి పడితే ట్రౌట్ కూడా మందగిస్తుంది, అప్పుడు ఉదయం కంటే మధ్యాహ్నమే మేలు.

చలి గురించి ఒక మాట, మనవైపు నుంచి వెళ్ళేవాళ్ళు ఇది తేలిగ్గా తీసుకుంటారు. నూలు బట్టలు తడిస్తే ఒంట్లో వేడి లాగేస్తాయి, ఉన్ని తడిసినా కొంత కాపాడుతుంది, కాబట్టి లోపలి బనీను కూడా నూలుది వద్దు. నీళ్ళలో జారి పడితే ముందు ఊపిరి అదుపు తప్పుతుంది, మరి కొద్ది నిమిషాల్లో చేతులు పట్టు వదిలేస్తాయి, ఈత వచ్చినా లాభం ఉండదు. ఒంటరిగా వెళ్ళకండి. తెల్లవారుజామున రాడ్డు రింగుల్లో నీటి చుక్కలు గడ్డకట్టి దారం ఆగిపోతే లాగి తెంపుకోవద్దు, రాడ్డు కొసని నీళ్ళలో ముంచితే మంచు కరిగిపోతుంది, నీళ్ళు మంచు కంటే వెచ్చనే కదా.

[విజువల్: మళ్ళీ తాటిపూడి. ఇప్పుడు ఎండ పడింది, పొగమంచు విడిపోయింది]

ఇప్పుడు మన తాటిపూడికి వద్దాం. పొద్దున్న మేము కెమెరా సర్దుకుంటుంటే గట్టు మీద పోతున్న పెద్దాయన ఒకరు ఆగి, "ఇప్పుడేటి గాలం బాబూ, సేప తొంగుంది, ఎండెక్కనీ" అన్నారు. ఇంతసేపూ నేను చెప్పిందంతా ఆ ఒక్క మాటలో ఉంది. రాత్రంతా చల్లబడ్డ ఒడ్డు నీళ్ళలో శీలావతి ఉండదు, కాస్త లోతుకి వెళ్ళి కదలకుండా ఉంటుంది. ఎండ పడి ఒడ్డు వెచ్చబడ్డాక, పదకొండు నుంచి మూడు, నాలుగు దాకా మేతకి బయటికి వస్తుంది. ట్రౌట్ కోసం గాలి కొట్టే ఒడ్డు వెతికాం కదా, ఇక్కడ సరిగ్గా రివర్స్, చల్లగాలి తగలని, ఎక్కువసేపు ఎండ పడే మూల చూసుకోండి. పొద్దున్నే వచ్చి తీరాల్సి వస్తే లోతులోనే వెయ్యండి. కొరమీను మాత్రం వేరే సంగతి, అది నీటి పైకొచ్చి గాలి పీల్చుకునే చేప, నీళ్ళలో ఆక్సిజన్ తగ్గినా దానికి పెద్ద లెక్క లేదు, చలికి మాత్రం అదీ బద్ధకిస్తుంది.

ఎర చిన్నది చెయ్యాలి. వేసవిలో నిమ్మకాయంత పిండి ముద్ద పెట్టేవాళ్ళు చలిలో శనగగింజంత చాలు అనుకోండి. తవుడు, తెలగపిండి, కట్టుకోడానికి కొంచెం మైదా, ఇంతే. ముద్ద మరీ గట్టిగా ఉండకూడదు, ముల్లుకి గుచ్చి నీళ్ళలో వేస్తే నెమ్మదిగా విచ్చుకుంటూ వాసన వదలాలి. ఎర్రలు పెడితే సగం ముక్క పెట్టండి. చుట్టూ మేత చల్లడం కూడా తగ్గించండి, ఆకలి తక్కువున్న చేప ఆ నాలుగు పలుకులు తిని వెళ్ళిపోతుంది, మీ ముల్లు దాకా రాదు.

[విజువల్: బెండు మీద క్లోజప్, చాలాసేపు]

ఇప్పుడు బెండు చూడండి. వేడి రోజుల్లో అయితే గభాల్న మునుగుతుంది, మనం లాగుతాం. చలిలో అలా మునగదు. ఇదిగో... చిన్న వణుకు. ఆగింది. మళ్ళీ వణుకు. ఇప్పుడు చూడండి, కిందికి పోకుండా పైకి లేస్తోంది! అడుగున ఉన్న ఎరని చేప నోట్లోకి తీసుకుని తల పైకెత్తింది, దారం మీద ఉన్న సీసం బరువు కూడా లేచింది, ఆ బరువు పోయేసరికి బెండు పైకొచ్చి పక్కకి వాలింది. కొట్టాల్సింది ఇప్పుడే. మునిగేదాకా చూద్దాం అని కూర్చుంటే చేప ఎర ఉమ్మేసి పోతుంది. "చేప ముట్టట్లేదు" అనుకునే రోజుల్లో చాలాసార్లు అది ముడుతూనే ఉంటుంది, మనకే కనిపించదు. దీనికి సన్నటి బెండు వాడండి, నెమలి ఈక కాడ అయితే మరీ మంచిది, లావు థర్మాకోల్ ముక్కకి ఈ కదలిక తెలియదు.

పట్టాక జాగ్రత్తలు రెండుచోట్లా ఒకటే. చేతులు తడి చేసుకుని పట్టుకోండి, పొడి చేతికి చేప ఒంటి మీది జిగురు ఊడి వచ్చేస్తుంది, రోగాల నుంచి దాన్ని కాపాడేది ఆ జిగురే. వదిలేద్దాం అనుకుంటే ముల్లు మీది చిన్న కొక్కాన్ని ముందే పటకారుతో నొక్కేసుకోండి, సులువుగా వచ్చేస్తుంది. బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టేది కూడా ఈ చలి మొదట్లోనే, వాగుల్లో గులకరాళ్ళ మధ్య చిన్న గుంట చేసి పెడుతుంది. వాగు చెరువులో కలిసే చోట గులకరాళ్ళు కొత్తగా తోమినట్టు తెల్లగా కనిపిస్తే దయచేసి అక్కడ అడుగు పెట్టకండి. గుడ్లతో ఉన్న ఆడ చేప పడితే వదిలెయ్యండి.

అనుమతుల సంగతి. హిమాచల్‌లో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరిదాకా ట్రౌట్ పట్టడం నిషేధం, కాబట్టి వెళ్ళాలనుకుంటే అక్టోబరు ముగిసేలోపే. అక్కడైనా కాశ్మీర్‌లోనైనా మత్స్యశాఖ పర్మిట్ ఉండాలి, రోజుకి ఎన్ని చేపలు, ఏ సైజు దాటినవి అనే షరతులు పర్మిట్‌తో పాటే ఉంటాయి, చదువుకోండి. తాటిపూడిలో చేపల మీద బతికే మత్స్యకార కుటుంబాలున్నాయి, గాలం వేసే ముందు వాళ్ళని అడగండి, వలలు కట్టిన వైపు వెళ్ళకండి. ఈ నీళ్ళు విశాఖపట్నానికి తాగునీళ్ళు కూడా, తెగిన నైలాన్ దారం, ప్లాస్టిక్ కవర్లు, మిగిలిన ఎర డబ్బాలు మొత్తం మీ సంచిలోనే ఇంటికి తీసుకెళ్ళండి.

మడ్డువలస, తోటపల్లి, ఆండ్ర రిజర్వాయర్ల వైపు గాలం వేసేవాళ్ళు ఎవరైనా చూస్తుంటే, ఈ చలిలో మీ దగ్గర ఏ టైముకి, ఎంత లోతులో చేప ముడుతోందో కామెంట్లో రాయండి. నీళ్ళలో థర్మామీటర్ పెట్టి ఆ అంకె కూడా రాస్తే ఇంకా మంచిది, వచ్చే వీడియోలో అవన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం.