కొత్త సెన్సర్ కొనే ముందు ఈ కేబుల్ చూడండి | జిగ్బీ డాంగిల్ రివ్యూ

నమస్తే అండీ. జిగ్బీ అంటే స్మార్ట్ హోమ్ సెన్సర్లు, బల్బులు, ప్లగ్‌లు వైర్లు లేకుండా హబ్‌తో మాట్లాడుకునే పద్ధతి. హబ్ అంటే వాటన్నిటినీ నడిపించే పెట్టె. దాని యూఎస్‌బీ పోర్టులో గుచ్చే జిగ్బీ రేడియోనే ఈ డాంగిల్. దీన్ని కంపెనీ వాళ్లే ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమని కూడా అడగలేదు. పేరు, ధర, లోపలి చిప్ వివరాలు అన్నీ డిస్క్రిప్షన్‌లో పెట్టాను. స్పెసిఫికేషన్లు మీరు ఇప్పటికే వేరేచోట చూసే ఉంటారు, అందుకే వాటి జోలికి పోను. ఈ బాక్సులో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదిగో, ఈ యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్. మీటరున్నర పొడవు.

కేబుల్‌కి ఇంత సంబరం ఎందుకంటే, నాకు వచ్చే మెసేజ్‌లలో ఎక్కువ భాగం ఒకటే గోల. "అన్నా, డోర్ సెన్సర్ మాటిమాటికీ ఆఫ్‌లైన్ అయిపోతోంది, ఏ కంపెనీది కొనమంటావ్?" ఆగండి. సెన్సర్ పాడైపోవడం చాలా అరుదు. దాని మాట హబ్ దాకా చేరే దారి పాడై ఉంటుంది. ఆ దారి చూడకుండా కొత్త సెన్సర్ కొంటే అది కూడా ఇలాగే పడిపోతుంది.

జిగ్బీ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్‌లో. యూఎస్‌బీ 3.0 పోర్టు, దానికి తగిలించిన ఎస్‌ఎస్‌డీ (డేటా దాచే డ్రైవ్) పనిచేస్తున్నప్పుడు అదే ప్రాంతంలో రేడియో రొద పుడుతుంది. ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక పత్రం విడుదల చేసింది. హబ్‌గా వాడే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై 4 తీసుకోండి. నీలం పోర్టులు 3.0, నల్లవి 2.0. డాంగిల్‌ని తీసుకెళ్లి నీలం పోర్టులో, ఎస్‌ఎస్‌డీ పక్కనే గుచ్చామంటే, పెళ్లి బ్యాండు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టే. పక్క గదిలో బల్బు బాగానే వెలుగుతుంది, మేడ మీది సెన్సర్ మాత్రం వినబడదు. దాంతో అనుమానం సెన్సర్ మీదికే పోతుంది, డాంగిల్‌ని ఎవరూ అనుమానించరు.

మాది మల్కాజిగిరిలో ఇండిపెండెంట్ ఇల్లు. ముందు సంపు, టెర్రస్ మీద ట్యాంకు. నల్లా వచ్చిన రోజు సంపు నింపుకొని, మోటార్ వేసి పైకి ఎక్కించాలి. ట్యాంకు నిండగానే అక్కడి సెన్సర్ చెప్పాలి, మోటార్ ఆగాలి. ఆ సెన్సర్ మధ్యలో పడిపోతే నీళ్లు సందులోకి పోతాయి. వేసవిలో అలా పోతుంటే నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది. ఇంతకు ముందు వాడిన హబ్ ఒకటి ఉండేది, కంపెనీ పేరు వద్దులెండి. దాని యాప్‌లో "డివైస్ స్పందించడం లేదు" అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ కనిపించేది కాదు. ఏ ఛానెల్‌లో ఉందో చెప్పదు, ఏ దారిలో వస్తోందో చూపించదు. ఎక్కడని వెతుకుతాం?

ఇక్కడ చూడండి. ఈ డాంగిల్‌ని నల్ల పోర్టుకి ఈ కేబుల్‌తో కలిపి, రాస్ప్‌బెర్రీ పై పెట్టెకి, వైఫై రౌటర్‌కి దూరంగా అల్మారా పైన పెట్టాను. జిగ్బీ డివైస్‌లని నడిపించే సాఫ్ట్‌వేర్ జిగ్బీ2ఎంక్యూటీటీలో మ్యాప్ తెరిస్తే ట్యాంకు సెన్సర్, మెట్ల గదిలో ఉన్న స్మార్ట్ ప్లగ్ ద్వారా హాల్లోకి వస్తోంది. గీత మీద ఉన్న అంకె ఎల్‌క్యూఐ, అంటే సిగ్నల్ ఎంత బాగా అందుతోందో చెప్పే కొలత, గరిష్ఠం 255. ఒక్కో చిప్ ఒక్కో తీరులో లెక్కిస్తుంది కాబట్టి వేర్వేరు డివైస్‌ల అంకెల్ని పోల్చకండి. ఒకే డివైస్ అంకె ఎలా మారుతోందో చూడండి, చాలు.

ఇప్పుడు నన్ను బాగా విసిగించే విషయం. జిగ్బీలో కరెంటు మీద నడిచేవి మాత్రమే పక్కవాటి మాటని ముందుకు పంపుతాయి. బ్యాటరీవి పంపవు. స్మార్ట్ బల్బులు కూడా పంపుతాయి కదా అని చాలామంది వాటి మీదే నెట్‌వర్క్ అంతా నిలబెడతారు. మా అమ్మకి పడుకునే ముందు బోర్డులో స్విచ్‌లన్నీ ఆపేసే అలవాటు. మీ ఇంట్లోనూ అంతే అయ్యుంటుంది. స్విచ్ ఆపిన క్షణమే ఆ బల్బు దారి పోయినట్టే. దాన్ని పట్టుకుని ఉన్న కొన్ని సెన్సర్లు ఇంకో దారి వెతుక్కోకుండా అలాగే ఉండిపోతాయి. అలవాటు మార్చుకోమని పెద్దవాళ్లని విసిగించకండి. ఆ పని బల్బుకి కాకుండా ప్లగ్‌కి అప్పగించండి. వాటర్ ప్యూరిఫైయర్ సాకెట్ లాగా ఎవరూ ఆపని చోటు చూడండి. ఫ్రిజ్ వెనక మాత్రం వద్దు, ఆ ఇనుమంతా సిగ్నల్‌కి అడ్డు. కుదిరితే ఇన్వర్టర్ లైన్ మీద పెట్టండి, కరెంటు పోయినా మెష్, అంటే ఈ దారుల అల్లిక, బతికే ఉంటుంది.

స్విచ్ బోర్డులో పెట్టే స్మార్ట్ స్విచ్ మాడ్యూల్ కొనేటప్పుడు కూడా ఒకటి చూసుకోండి. న్యూట్రల్ వైరు అక్కర్లేదని అమ్మేవి చాలావరకు పక్కవాటి మాటని ముందుకు పంపవు. బోర్డులో సాకెట్ ఉందంటే న్యూట్రల్ కూడా ఉన్నట్టే, కాబట్టి న్యూట్రల్ ఉన్న మాడ్యూలే ఎలక్ట్రీషియన్ చేత పెట్టించుకోండి.

ఛానెల్ సంగతి. 2.4 వైఫై కూడా జిగ్బీ ఉన్న ప్రాంతంలోనే నడుస్తుంది. అపార్ట్‌మెంట్లలో ప్రతి ఫ్లాట్ నుంచీ వైఫై కొడుతూనే ఉంటుంది. మీ రౌటర్ 2.4 వైఫైని ఆటోలో వదిలేయకుండా ఛానెల్ 1లో, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌లో పెట్టండి. జిగ్బీకి జిగ్బీ ఛానెల్ 25 ఇవ్వండి. అది వైఫై 11 కంటే కూడా అవతల ఉంటుంది. 26 ఇంకా అవతల ఉంటుంది కానీ దాన్ని పట్టుకోలేని డివైస్‌లున్నాయి. ఇదంతా మొదట్లోనే తేల్చుకోవాలి. తర్వాత మారిస్తే కొన్ని డివైస్‌లు వెంట రావు, మళ్లీ పెయిర్ చేయాల్సి వస్తుంది.

పెయిర్ చేసేటప్పుడు డివైస్‌ని యాప్‌లోంచి తీసేయకండి. ఉన్నదాన్ని అలాగే ఉంచి మళ్లీ పెయిర్ చేస్తే పేరు, ఆటోమేషన్లు పోవు. సెన్సర్‌ని టేబుల్ మీద పెయిర్ చేసి తర్వాత పైకి తీసుకెళ్లడం కాదు, అది ఉండాల్సిన చోటే చేయాలి. ఏ ప్లగ్ ద్వారా చేరాలో కూడా జిగ్బీ2ఎంక్యూటీటీలో ఎంచుకోవచ్చు.

ఇంకొకటి. జిగ్బీ2ఎంక్యూటీటీలో అవైలబిలిటీ (డివైస్ పలుకుతోందో లేదో చూసే సెట్టింగ్) ఆన్ చేస్తే, బ్యాటరీ డివైస్ 25 గంటలు మౌనంగా ఉన్నాకే ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది. కరెంటువైతే 10 నిమిషాలకే. ట్యాంకు సెన్సర్‌కి 25 గంటలు ఏమాత్రం పనికిరావు. పొద్దున పోయిన సెన్సర్ మర్నాటిదాకా పచ్చగా కనిపిస్తుంది. డివైస్ సెట్టింగ్స్‌లో ఆ గడువు తగ్గించుకోండి. మరీ తగ్గిస్తే బాగున్న సెన్సర్‌ని కూడా పోయిందంటుంది, కాబట్టి అది మామూలుగా ఎంతసేపటికోసారి పలుకుతుందో చూసి పెట్టండి.

డాంగిల్ విషయానికొస్తే, యాంటెన్నా కీలు కాస్త వదులు. లైటు రాత్రిపూట కళ్లలో కొడుతుంది, టేప్ వేశాను. ధర కూడా ఎక్కువే. అయినా నేను కొనమనే చెబుతాను, ఎందుకంటే కేబుల్ పెట్టి పంపించారు. ఈ సమస్య తెలిసినవాళ్లు తయారుచేశారని దాన్ని చూడగానే అర్థమైంది. కేబుల్ లేకుండా డాంగిల్ అమ్మేవాళ్లంటే నాకు కోపం. అందులో మిగిలేదెంత?

మీ దగ్గర ఇప్పటికే డాంగిల్ ఉంటే కొత్తది అక్కర్లేదు. కోఠి గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో షీల్డింగ్ (రేడియో రొదని ఆపే లోహపు పొర) ఉన్న యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్ అడిగి తెచ్చుకోండి. మార్చాక ఒకటి రెండు రోజులు దేన్నీ కదపకండి, దారులు సర్దుకోవాలి. అప్పటికీ పడిపోతుంటే మీ మ్యాప్ స్క్రీన్‌షాట్ నాకు పంపండి. వైఫై ఛానెల్, డాంగిల్ ఏ పోర్టులో ఉందో రెండూ రాయండి. అవి లేకుండా నేను ఏం చెప్పినా ఊహే అవుతుంది.