ఆ బోర్డు మీద లేని పేరు

వేదిక మీది పెద్దలకు, పీఈటీ సార్లకు, మేడమ్‌లకు, పిల్లలకు నమస్కారం. జాతీయ క్రీడా దినోత్సవం కదా, ధ్యాన్‌చంద్ గారి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. హాకీ ఆడినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు, ఆయన గురించి వాళ్లు చెబితేనే బాగుంటుంది. మన హనుమకొండలో పెద్దగా ఎవరూ ఆడని గోల్ఫ్ గురించి నేను మాట్లాడతాను. కాస్త ఓపిక పట్టండి.

టీ అనే చిన్న మేకు మీద బంతి పెట్టి కొట్టిన మొదటి దెబ్బకే గుంటలో పడితే దాన్ని హోల్ ఇన్ వన్ అంటారు. గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు. నూట యాభై గజాల దూరం నుంచి చూస్తే జెండా తప్ప గుంట కనబడదు. మామూలు ఆటగాడికి ఆ అవకాశం 12,500లో ఒక్కటని చెబుతుంటారు. 1973 బ్రిటిష్ ఓపెన్‌లో జీన్ సరాజెన్ 71 ఏళ్ల వయసులో ఒకటి కొట్టాడు. జీవితాంతం ఆడినా ఒక్కటీ పడనివాళ్లు లెక్కలేనంత మంది.

బ్యాంకు ఉద్యోగంలో వేరే ఊళ్లో ఉన్నప్పుడు నేనొక క్లబ్బులో ఆడేవాణ్ణి. ఊరి పేరూ క్లబ్బు పేరూ వద్దు. అక్కడ ఒక మెంబరు కొట్టిన బంతి పక్కకు పోయి వేపకొమ్మకు తగిలింది. గ్రీన్ మీద, అంటే గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి మీద పడి, దొర్లుకుంటూ పోయి గుంటలో పడింది. రూల్ ప్రకారం అది చెల్లుతుంది. నేనూ చప్పట్లు కొట్టాను. ఆ రాత్రి ఆయన అందరికీ పార్టీ ఇచ్చాడు. హోల్ ఇన్ వన్ కొట్టినవాళ్ల పేర్లు రాసే క్లబ్బు బోర్డుకు ఆయన పేరు ఎక్కింది.

అదే హోల్‌లో ఒక సోమవారం ఇంకొకటి పడింది. సోమవారం మెంబర్లకు సెలవు, వాళ్ల బ్యాగులు మోసే క్యాడీలు ఆడుకుంటారు. క్లబ్బు లెక్కలు చూసే పని మీద వెళ్లి నేనూ అక్కడ నిలబడ్డాను. కొట్టింది మన నర్సంపేట దిక్కు పిల్లగాడు. చేతిలో ఎవరో పారేసిన సెవెన్ ఐరన్ అనే గోల్ఫ్ కర్ర. పట్టు ఊడిపోతే సైకిల్ ట్యూబ్ చుట్టుకున్నాడు. బంతి జెండాకు నేరుగా లేచి, గ్రీన్ ముందు ఒక్కసారి ఎగిరి, జెండా కర్రకు ఠక్కున తగిలి లోపల పడింది. కొమ్మా లేదు, రాయీ లేదు!

కళ్లారా చూశానని కాగితం మీద సంతకం పెట్టి కమిటీకి ఇచ్చాను. ఏమన్నారో తెలుసా? "ఏదో లక్కు సార్, పైగా మెంబరు కాదు." వేపకొమ్మకు తగిలింది ఆట, వీడిది లక్కు! అయ్యా, మీరే చెప్పండి, ఇది న్యాయమా? పీఈటీ సార్లూ, చెప్పండి!

1991లో ఇండియన్ ఓపెన్ గోల్ఫ్ టోర్నీ గెలిచిన మొదటి భారతీయుడు అలీ షేర్, ఢిల్లీలో క్యాడీగా పనిచేసినవాడు. 2009లో అదే టైటిల్ గెలిచిన మునియప్ప కూడా బ్యాగులు మోసినవాడే. గోల్ఫ్ ఆటగాడు ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి కలకత్తా కోర్సులో గడ్డి చూసుకునే పని చేశాడు. ఇలాంటి పిల్లల ఆట సోమవారాల్లోనే పదునెక్కుతుంది. మరి సోమవారం పడిన బంతిని ఎవరు రాయాలి?

ధ్యాన్‌చంద్ గారి గురించి చెప్పలేకపోయాను, మన్నించండి. ఈ సభలో ఏ ఊరి క్లబ్బులోనైనా సభ్యత్వం ఉన్నవారుంటే ఒక్క పని చేయండి. వచ్చే మీటింగులో తీర్మానం పెట్టండి: ఇద్దరు సాక్షులు సంతకం చేస్తే చాలు, కొట్టింది క్యాడీ అయినా మాలీ అయినా పేరు రాయాలి. క్యాడీలకు వేరే బోర్డు పెడతామంటే ఒప్పుకోకండి. మెంబర్ల పేర్లున్న ఆ బోర్డు మీదే, అదే రంగుతో, తేదీతో సహా రాయించండి.