మెడికల్ ఫారం నింపే ముందు ఒక్క మాట

పెద్దలకు, తెలుగు సంఘం మిత్రులకు, ఇంత ఎండలో హ్యాంగర్ దాకా వచ్చిన కుటుంబాలకు నమస్కారం. 2025 జులైలో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ చిన్న విమానాల కోసం ప్రకటించిన మొజాయిక్ నిబంధనల గురించి చెప్పమన్నారు. చెబుతాను.

చిన్న విమానాలు సరదాగా నడుపుకునేవాళ్ల కోసం అమెరికాలో స్పోర్ట్ పైలట్ లైసెన్స్ 2004లో వచ్చింది. ప్రైవేట్ పైలట్‌కి కనీసం 40 గంటల శిక్షణ కావాలి, దీనికి 20 చాలు. మెడికల్, అంటే ఎఫ్‌ఏఏ ఆరోగ్య సర్టిఫికెట్, దాని బదులు డ్రైవింగ్ లైసెన్స్ సరిపోతుంది. అయితే విమానం బరువు 1,320 పౌండ్లు, అంటే 600 కిలోలు దాటకూడదన్నారు. శిక్షణకి వాడే చిన్న విమానం సెస్నా 150 బరువు 1,600 పౌండ్లు. రెండే సీట్లు, భుజాలు రాసుకుంటూ కూర్చోవాలి. ఎన్ని తరాల పైలట్లు అందులో నేర్చుకున్నారో! దాన్నే పక్కన పెట్టేశారు. బరువు తగ్గితే నడపడం సులువవుతుందా చెప్పండి? పక్కగాలి కొడితే ముందు తూలేది తక్కువ బరువు విమానమే. దిగేటప్పుడు కాళ్లు రడ్డర్ పెడళ్ల మీద ఆడుతూనే ఉండాలి.

ఇది సరిదిద్దడానికి 21 ఏళ్లు పట్టింది. స్పోర్ట్ పైలట్‌కి ఇప్పుడు బరువుతో పని లేదు, రెక్కల వెనక ఉండే ఫ్లాప్స్ వేయకుండా స్టాల్ స్పీడ్, అంటే విమానం గాల్లో నిలవడానికి కావాల్సిన కనీస వేగం, 59 నాట్లు (గంటకు సుమారు 109 కిలోమీటర్లు) మించకపోతే చాలు. నాలుగు సీట్ల విమానమైనా నడపొచ్చు, ఎక్కించుకునేది మాత్రం ఒక్కరినే. ఇది 2025 అక్టోబర్ 22 నుంచి అమల్లోకి వచ్చింది. కొత్త విమానాల తయారీ సంగతి వేరే, దాని నిబంధనల అమలు తేదీ 2026 జులై 24. దాన్ని ఇవాళ వదిలేస్తాను, ఎందుకంటే నా మనసంతా ఇంకోచోట ఉంది.

నాతో ఎగిరిన పెద్దాయన ఒకరున్నారు. గుండెకి స్టెంట్ వేశారు. కోలుకున్నాక ఫారంలో ఉన్నదున్నట్టు రాసి మెడికల్‌కి వెళ్లారు. తిరస్కరించారు. చివరిసారి అడిగిన మెడికల్ తిరస్కరిస్తే డ్రైవింగ్ లైసెన్స్ మీద ఎగరకూడదు. 2004లోనూ ఇదే, ఇప్పుడూ ఇదే. అదే స్టెంట్ ఉండి, దరఖాస్తే పెట్టని మనిషి, డాక్టర్ పర్వాలేదంటే ఎగరొచ్చు! ఈయన రోజూ హైవే మీద మనవడిని స్కూల్లో దింపుతారు, విమానం మాత్రం ముట్టుకోకూడదు. నిజం రాసిన మనిషికి ఇది న్యాయమా? స్టాల్ స్పీడ్ లెక్కలు మార్చగలిగినవాళ్లు ఈ ఒక్క వాక్యం మార్చలేరా?

దారి లేకపోలేదు. పరీక్షలన్నీ చేయించుకుని స్పెషల్ ఇష్యూయెన్స్ కింద, అంటే జబ్బు ఉన్నా ప్రత్యేకంగా ఇచ్చే అనుమతి కింద, ఒక్కసారి మెడికల్ తెచ్చుకుంటే, దాని గడువు మామూలుగా తీరాక డ్రైవింగ్ లైసెన్స్ మీద ఎగరొచ్చు. కానీ ఆ పరీక్షల ఖర్చు, ఎదురుచూపు, టెన్షన్ డెబ్బై దాటిన మనిషికి ఎంత కష్టమో ఆలోచించండి.

అందుకే అడుగుతున్నాను, అమ్మా, అయ్యా: బీపీ, షుగర్, గుండె, ఏ ఇబ్బంది ఉన్నా ఆన్‌లైన్లో మెడికల్ ఫారం నింపితే వచ్చే నంబర్ మెడికల్ పరీక్ష చేసే డాక్టర్ చేతిలో వెంటనే పెట్టకండి. ఆయన దాన్ని తెరిస్తే దరఖాస్తు పెట్టినట్టే లెక్క. ముందు సలహా కోసమే అపాయింట్‌మెంట్ తీసుకోండి, రిపోర్టులన్నీ చూపించండి. ఇప్పటికే ఫారం నింపినవాళ్లు ఎవరైనా ఉంటే, టీ అయ్యాక నా దగ్గరికి రండి, కాగితాలు కలిసి చూద్దాం.