అడీనియం: ఎండకు కాదు, కార్తీకపు వానకు చచ్చే మొక్క

(దృశ్యం: తిరుపతిలో ఒక మేడ. వెనుక శేషాచలం కొండలు. కుండీలో నిండుగా పూచిన అడీనియం.)

నమస్కారం. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటి, మేడ మీద చెప్పులు లేకుండా అడుగు పెట్టలేని రోజుల్లో కూడా ఈ అడీనియం వాడకుండా పూస్తుంది. ఎడారి గులాబీ అంటారు గానీ, ఇది మన పెరటి గన్నేరు కుటుంబానికి చెందిన పొద. దీని పుట్టిల్లు అరేబియా దక్షిణ భాగంలోనూ, సహారాకు దక్షిణాన, తూర్పు ఆఫ్రికాలోనూ ఉన్న ఎండు పొదల నేలలు. యెమెన్‌లో మొక్కలు సేకరిస్తూ 1763లో అక్కడే కన్నుమూసిన వృక్షశాస్త్రవేత్త ఫోర్స్కోల్ దీన్ని గన్నేరుగానే ఎంచి ‘ఒబేసమ్’, అంటే లావైనది, అని పేరు పెట్టగా, ఆ వర్ణన 1775లో అచ్చయింది.

(దగ్గరి దృశ్యం: ఉబ్బిన మొదలు.)

ఆ లావంతా నీటి నిల్వే. నెలల తరబడి వాన లేని చోట ప్రాణం నిలుపుకోవడానికి ఏర్పడిన ఈ మొదలే మన ఊళ్లో దానికి ముప్పు తెస్తోంది. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. చల్లదనానికి ఎదుగుదల మందగించి మొక్క నీరు తాగడం తగ్గించిన సమయంలోనే మట్టి రోజుల తరబడి తడిగా ఉండి, వేళ్లకు గాలి ఆడక కుళ్లు మొదలవుతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు నీట మునిగిన వానలకు నా కుండీలు రెండు మేడ మీదే ఉండిపోయాయి. వారం తరువాత చూస్తే ఆకులు పచ్చగానే ఉన్నాయి, కానీ మొదలును బొటనవేలితో నొక్కితే మాగిన అరటిపండులా లోపలికి దిగిపోయింది. ఎంతో ఇష్టంగా పెంచుకున్న మొక్కలు అవి.

అందుకే దీపావళి నాటికి కుండీలను వాన పడని, వెలుతురు తగిలే వసారాలోకి మార్చండి. మట్టిలో సగానికి పైగా గరుకు ఇసుక కలపండి. మట్టి పూర్తిగా ఆరిన తరువాతే మళ్లీ నీరు పోయండి. మొదలు మెత్తబడితే కుళ్లిన భాగాన్ని గట్టి, తెల్లని కండ కనిపించే వరకు కోసివేసి, నీడలో బాగా ఆరనిచ్చి, పొడి ఇసుక మట్టిలో నాటాలి.

కోసేటప్పుడు కారే పాలు విషం. గుండె లయను దెబ్బతీసే ఆ పాలను ఆఫ్రికా వేటగాళ్లు బాణాలకు పూసేవారు. చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలకూ మేకలకూ అందనీయకండి.

(దృశ్యం: జంట కాయలు.)

కొమ్మ నాటితే మొదలు అంత బాగా ఉబ్బదు, విత్తనపు మొక్కకే ఆ రూపం వస్తుంది. గింజకు రెండు కొసలా దూదిపింజలు ఉండి, కాయ పగలగానే గాలికి ఎగిరిపోతాయి కనుక, కాయ పండుబారక ముందే దానికి దారం చుట్టి ఉంచండి.