గేటు నుంచి 50 మీటర్లు

[షాట్: ఒంగోలు. బడి ఇంటర్వెల్. గేటు పక్క బంకు ముందు పిల్లల గుంపు]

బంకు ముందు వేలాడే ప్యాకెట్లు చూడండి. అయిదు రూపాయలవన్నీ కింద వరసలో, మూడో తరగతి పిల్లాడి చెయ్యి అందేంత ఎత్తులో. వాడి జేబులో అయిదో పదో ఉంటుందని కంపెనీకీ తెలుసు, కొట్టాయనకీ తెలుసు.

పిల్లాడు లావెక్కితే మాత్రం చుట్టాలంతా తల్లినే అంటారు. "ఏం పెడతున్నావమ్మా వాడికి?" అని. బంకును ఎవరూ ఏమీ అనరు.

కానీ దీనికి నిబంధన ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి బడిలోనూ, గేటుకు ఏ వైపు చూసినా 50 మీటర్ల లోపూ అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లోనే చెప్పింది. ప్రకటనలూ పెట్టకూడదు. ప్రైవేటు బడులకూ ఇదే వర్తిస్తుంది.

[షాట్: గేటు దగ్గర నుంచి టేపు సాగుతుంది]

50 మీటర్లంటే రెండున్నర క్రికెట్ పిచ్‌లు. ఈ లోపల ఎన్ని బంకులున్నాయో మీ వీధిలో మీరే లెక్కపెట్టుకోండి.

ఇక ధర. కూల్‌డ్రింకుల మీద జీఎస్టీ 40 శాతం. బాగానే ఉంది. కానీ 2025 సెప్టెంబరులో బిస్కెట్లు, చాక్లెట్లు, ఇన్‌స్టంట్ నూడుల్స్ మీద 5 శాతానికి దించారు. ఒక చేత్తో ఆపి, ఇంకో చేత్తో రమ్మన్నట్టు లేదూ?

[క్లోజప్: ప్యాకెట్ వెనక చీమకాళ్ల అక్షరాలు]

చక్కెర ఎంతో ఇక్కడ రాసుంటుంది. కళ్లజోడు పెట్టుకున్నా కనపడదు. చిలీ దేశంలో 2016 నుంచి ప్యాకెట్ ముందువైపే నల్లటి ఎనిమిది పలకల ముద్ర వేస్తున్నారు: 'చక్కెర ఎక్కువ' అని. దాంతోపాటు పిల్లలకు చూపే ప్రకటనలూ, బడుల్లో అమ్మకాలూ ఆపారు. ఆ ముద్ర పడాల్సిన తీపి పానీయాల కొనుగోళ్లు దాదాపు నాలుగో వంతు పడిపోయాయి. అక్కడ పిల్లలకు నీతులు చెప్పి ఊరుకోలేదు.

మన సర్కారు బడిలో మధ్యాహ్నం అన్నం, గుడ్డు, చిక్కీ, రాగిజావ ఇస్తున్నారు. కనిగిరి, పొదిలి వైపు పాతతరం తిని పెరిగిన సంగటి గింజే ఆ రాగి. కానీ ఈ భోజనం ప్రైవేటు బడికి రాదు. అక్కడ పిల్లాడికి క్యాంటీనో బంకో దిక్కు.

క్యాంటీన్లో ఏం అమ్ముతున్నారో చూసుకోవాల్సింది బడి యాజమాన్యమేనని ఆ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల్లోనే ఉంది. ఈసారి పేరెంట్స్ మీటింగులో మార్కుల సంగతి అయ్యాక క్యాంటీన్ జాబితా చూపించమని అడగండి. బంకు సంగతైతే ఫుడ్ సేఫ్టీ ఆఫీసరుకు అర్జీ పెట్టండి.