లక్కా తోక వెనక చూడాల్సింది

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది డాబాల మీద పావురాల గూళ్లున్నాయి, మిగతావాళ్లు ఒక జత తెచ్చుకుందామా అని ఆలోచిస్తున్నవాళ్లు. కాబట్టి ఏ జాతి ఎంత ధర పలుకుతోందన్న జోలికి పోను. జత కట్టడం గురించే మాట్లాడతాను, అదీ నేను ఎక్కువగా పెంచిన లక్కా జాతి గురించి.

లక్కా అంటేనే తోక. మామూలు పావురానికి తోకలో 12 ఈకలుంటాయి, మంచి లక్కాకి 30, 40 దాకా ఉంటాయి. డార్విన్ 1855లో పావురాలు పెంచడం మొదలుపెట్టి, లండన్‌లో రెండు పావురాల క్లబ్బుల్లో కూడా చేరాడు. లక్కా, పౌటర్, టంబ్లర్ లాంటి జాతులన్నీ ఒకే కొండ పావురం నుంచి వచ్చాయని 1859లో అచ్చయిన పుస్తకంలో మొదటి అధ్యాయంలోనే రాశాడు. అంటే ఆ తోక దానంతటది రాలేదు, మనలాంటివాళ్లు తరతరాలుగా ఏరి ఏరి జతలు కడితే వచ్చింది. మనం తెచ్చిపెట్టిన తోక వల్ల పక్షికి ఇబ్బంది వస్తే అదీ మనమే చూసుకోవాలి కదా.

నాకీ సంగతి ఆలస్యంగా తెలిసింది. మొదట్లో, తోక గుండ్రంగా విసనకర్రలా ఉన్న మగదాన్నీ, అంతకన్నా బాగున్న పెట్టనీ జత చేసి మురిసిపోయాను. మూడు విడతలు గుడ్లు పెట్టింది, ఒక్కటీ పిల్ల కాలేదు. మగదానిలో లోపముందనుకుని మార్చేద్దామనుకున్నాను. ఒక పాత పెంపకందారు వచ్చి, పెట్టను తిప్పి పట్టుకుని చూపించాడు: తోక కింద ఈకలు అంత ఒత్తుగా ఉంటే మగది ఎక్కినా కలయిక కుదరదు. రెండు పక్షులకీ తోక కింద మలద్వారం చుట్టూ ఉన్న సన్న ఈకల్ని కత్తెరతో తీసేశాడు, అంతే. తర్వాతి విడతలో అయిదో రోజు రాత్రి లైటు ఆర్పి గుడ్డు వెనక టార్చి పెడితే, లోపల సాలెపురుగు కాళ్లలా ఎర్రటి నరాలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గుడ్లు రెండే. మొదటిది సాయంత్రం పెడుతుంది, రెండోది మధ్యలో ఒక రోజు వదిలి. పదిహేడు పద్దెనిమిది రోజుల్లో పిల్లలు. మొదటి నాలుగైదు రోజులు వాటికి గింజ అరగదు, తల్లీ తండ్రీ ఇద్దరూ గొంతు కింది మేత సంచిలో ఊరే పాలే పడతారు. ఆ రోజుల్లో గూడు పదేపదే కెలికి టెన్షన్ పెట్టొద్దు. జొన్నలు, సజ్జలతో పాటు బఠాణీలు, పెసలు ఎక్కువ వేయండి, గ్రిట్, అంటే గింజ అరగడానికి మింగే సన్న రాళ్ల గిన్నె ఖాళీగా ఉంచొద్దు. ముక్కు మరీ పొట్టిగా ఉండే జాతుల్లో అయితే కన్నవాళ్లు పిల్లకి మేత పెట్టలేరు, వాటి గుడ్లని అదే సమయానికి గుడ్లు పెట్టిన మామూలు జత కిందకి మార్చాలి. ఆ పెంపుడు జత లేకుండా పొట్టి ముక్కు జాతి కొనడం నా దృష్టిలో తప్పే, పిల్ల ఆకలితో చావడం ఒకసారి చూస్తే మీరూ అదే అంటారు.

రంగు కోసం ఆల్మండ్‌ని, అంటే మచ్చలు మచ్చలుగా రంగులు కలిసిన పావురాన్ని, ఆల్మండ్‌తోనే కట్టేవాళ్లకి ఒక్క మాట. రెండు వైపుల నుంచీ ఆ రంగు అందుకున్న మగ పిల్లలకి కళ్లు దెబ్బతింటాయి. దయచేసి ఆ పని చేయకండి. ఒక పక్క ఆల్మండ్ చాలు.

ఇంకోటి, మీ కోసం. రెట్ట ఎండి దుమ్ముగా లేచేటప్పుడు ఊడవొద్దు, కాస్త నీళ్లు చల్లి, మాస్క్ పెట్టుకుని తీయండి. ఏళ్ల తరబడి ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లుంటే గూడు కిటికీకి దూరంగా కట్టండి.

ఈరోజు పక్షుల్ని తేలేదు, ఆ జత ఇప్పుడు గుడ్ల మీద ఉంది. చూడాలనుకున్నవాళ్లు ఆదివారం మధ్యాహ్నం మా డాబా మీదకి రండి. ఆ వేళకి మగదాని వంతు, సాయంత్రం దాకా కదలదు, తోక గోడకి ఆనించి కూర్చుని ఉంటుంది.