జనవరి 14 మాజీ సైనికుల రోజు: ఈ సంక్రాంతికి వాళ్లని ఊరంతా కలిసి పిలవాలి

నమస్కారం అండీ. ఢిల్లీ వెళ్లిన ప్రతివాళ్లూ ఇండియా గేట్ ముందు ఒక ఫొటో దిగి వస్తారు. ఆ గోడల మీద 13 వేలకు పైగా పేర్లు చెక్కి ఉంటాయి. దగ్గరికెళ్లి చదివేవాళ్లు తక్కువ. కార్గిల్‌లో పోయినవాళ్ల పేర్లో, 1971లో పోయినవాళ్ల పేర్లో అనుకుంటారు చాలామంది. కాదండీ. 1914లో మొదలైన మొదటి ప్రపంచ యుద్ధంలో, ఆ తర్వాత 1919లో జరిగిన మూడో అఫ్గాన్ యుద్ధంలో, బ్రిటిష్ ఇండియా సైన్యంలో పనిచేస్తూ చనిపోయినవాళ్ల పేర్లవి. కట్టింది బ్రిటిష్ వాళ్లు. 1921లో శంకుస్థాపన చేసి, 1931లో ప్రారంభించారు.

మరి స్వతంత్రం వచ్చాక మనకోసం పోయినవాళ్ల పేర్లు? 1947–48 కశ్మీర్ యుద్ధం, 1962లో చైనాతో, 1965లో, 1971లో పాకిస్థాన్‌తో, ఆపైన శ్రీలంక, సియాచిన్, కార్గిల్. ఇన్ని జరిగినా వాళ్లందరి పేర్లూ ఒక్కచోట రాసి ఉన్న జాతీయ స్మారకం 2019 దాకా మన దేశంలో లేదు. 1971 యుద్ధంలో పోయినవాళ్ల గుర్తుగా 1972 జనవరి 26న ఇండియా గేట్ కమాను కింద అమర్ జవాన్ జ్యోతి వెలిగించారు. బోర్లించి నిలబెట్టిన తుపాకీ, దాని మీద సైనికుడి హెల్మెట్, పక్కన ఆరని మంట. యాభై ఏళ్లు దేశం దానికే దండం పెట్టింది. కానీ స్వతంత్రం వచ్చాక పోయినవాళ్లలో ఒక్కరి పేరు కూడా అక్కడ లేదు.

శ్రీలంక సంగతి కాస్త చెప్పాలి. 1987 నుంచి 1990 దాకా మన శాంతిసేన అక్కడ పనిచేసింది. వెయ్యి మందికి పైగా మనవాళ్లు తిరిగి రాలేదు. పరమవీర చక్ర పొందిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్ అక్కడే పోయారు. వాళ్ల పేర్లతో కొలంబో శివార్లలో స్మారకం ఉంది. కట్టింది శ్రీలంక. మన ఢిల్లీలో వాళ్ల పేర్లు కనపడకముందే అక్కడ కనపడ్డాయి. ఇది చదివిన రోజు నాకు మనసంతా చేదైపోయింది. ఇప్పుడు చెబుతుంటే కూడా అలాగే ఉంది.

2019 ఫిబ్రవరి 25న ఇండియా గేట్ పక్కనే జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభమైంది. ఒకదాని చుట్టూ ఒకటిగా నాలుగు వలయాలు: అమర చక్రం, వీరతా చక్రం, త్యాగ చక్రం, రక్షక చక్రం. ఢిల్లీ వెళ్తే మీరు నిలబడాల్సింది త్యాగ చక్రం దగ్గర. 25 వేలకు పైగా పేర్లున్నాయి అక్కడ, గ్రానైట్ పలకల మీద, బంగారు రంగు అక్షరాల్లో. సిపాయి పేరు ఎలా ఉందో మేజర్ పేరూ అలాగే ఉంటుంది. రోజూ సాయంత్రం పొద్దుగూకే ముందు అక్కడ ఒక కార్యక్రమం జరుగుతుంది. అమరుడైన ఒక సైనికుడి కుటుంబాన్ని పిలిపిస్తారు. వాళ్ల చేత్తోనే పుష్పగుచ్ఛం పెట్టిస్తారు. మొత్తం కట్టడంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ ఏర్పాటే.

2022 జనవరి 21న ఇండియా గేట్ కింద ఉన్న జ్యోతిని తెచ్చి ఈ కొత్త జ్యోతిలో కలిపారు. దాని మీద పెద్ద చర్చే నడిచింది. 1971లో పోరాడినవాళ్లలో కొందరు బాధపడ్డారు, వాళ్ల బాధలో న్యాయం ఉంది. అయినా నన్నడిగితే, పేర్లున్న చోటే దీపం ఉండాలి.

సరే, ఢిల్లీలో రాయి నిలబడింది. కానీ ఢిల్లీ ఎంత దూరం! శ్రీకాకుళంలో ఒక పల్లె నుంచో, నిజామాబాద్‌లో ఒక తండా నుంచో వెళ్లిన కుర్రాడి తల్లి ఆ పలకని జన్మలో ఎన్నిసార్లు చూస్తుంది? ఒక్కసారి చూస్తే గొప్ప. జ్ఞాపకం ఊళ్లో ఉండాలండీ. ఇది మనకి తెలియని విద్య కూడా కాదు.

పల్నాడులో కారంపూడి ఉంది కదా. పల్నాటి యుద్ధం జరిగి ఎనిమిది వందల ఏళ్లు దాటింది. ఇవాళ్టికీ ప్రతి కార్తీక అమావాస్యకి అక్కడ వీరారాధన ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు: ఐదు రోజులు. ఆనాటి వీరుల వంశాలవాళ్లమని చెప్పుకునేవాళ్లు ఆయుధాలు పట్టుకుని ఊరూరి నుంచి నడిచి వస్తారు. వీరుల గుడిలో పూజలు చేస్తారు. మందపోరు నాడు కులం అడక్కుండా అందరూ ఒకే వరసలో కూర్చుని తింటారు, బ్రహ్మనాయుడి చాపకూడు అదే. రెండు నిమిషాల మౌనం, బూర, పూలచక్రం అనే పద్ధతి మనకి సైన్యంతో పాటు వచ్చింది. దాన్ని నేను తక్కువ చేయను, దాని గౌరవం దానిది. కానీ మన జనం పోయినవాళ్లని తలుచుకునే తీరు వేరు. పేరు పిలుస్తారు, అన్నం పెడతారు, నలుగురూ కూడతారు. మన పల్లెల పొలిమేరల్లో పడి ఉన్న వీరగల్లుల్ని చూడండి. ఆవుల మందని కాపాడబోయి చచ్చిపోయినవాడికి కూడా రాయి నిలబెట్టిన జాతి ఇది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. జనవరి 14 మన దేశంలో మాజీ సైనికుల దినం. 1953లో అదే రోజున కరియప్ప గారు పదవీ విరమణ చేశారు. భారత సైన్యానికి తొలి భారతీయ సర్వసేనాని ఆయన. ఆయన గౌరవార్థం కొన్నేళ్లుగా ఈ రోజుని జరుపుతున్నారు. కంటోన్మెంట్లలో సభలు పెడతారు, పెన్షన్ సమస్యలు వింటారు, వైద్య శిబిరాలు నడుపుతారు.

జనవరి 14 అంటే మనకి ఏమిటి? భోగి, లేదంటే సంక్రాంతి. హైదరాబాద్‌లో, బెంగళూరులో, చెన్నైలో ఉన్నవాళ్లంతా బస్సులు దొరక్కపోయినా ఎలాగో ఒకలా ఊరు చేరే రోజు. ఏడాదిలో ఊరు నిండుగా ఉండేది అప్పుడే. పైగా కోస్తాలో సంక్రాంతిని పెద్దల పండగ అంటాం. పోయినవాళ్లకి కొత్తబట్టలు పెట్టి, వాళ్లకి ఇష్టమైనవి వండి, పేరు పెట్టి తలుచుకుంటాం. దేశం మాజీ సైనికుల కోసం ఎంచుకున్న తేదీ, మనం పోయినవాళ్లని తలుచుకునే పండగా ఒక్కచోటికొచ్చాయి. ఎవరూ కావాలని కలపలేదు. మరి ఎన్ని ఊళ్లలో ఆ రోజు ఆ ఊరి మాజీ హవల్దారుని పిలిచి రచ్చబండ మీద కూర్చోబెడుతున్నారు? ముగ్గుల పోటీకి బహుమతులిస్తాం, కోడిపందేల దగ్గర కుర్చీలేస్తాం. 1971లో తూర్పు సరిహద్దులో పోరాడి వచ్చిన తాతగారు ఉంటే, ఆయన తన అరుగు మీదే కూర్చుని ఉంటారు.

లోటు లేని ఊరు ఒకటి చెప్తాను. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. చుట్టుపక్కల అందరూ మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ఆ ఊరివాళ్లు సైన్యంలోకి వెళ్తూనే ఉన్నారు. తాత వెళ్లాడు, తండ్రి వెళ్లాడు, మనవడూ వెళ్లాడు. ఊళ్లోనే యుద్ధ స్మారకం కట్టుకున్నారు. అక్కడి పిల్లలకి సైన్యం అంటే టీవీలో కనిపించేది కాదు, పక్కింటి బాబాయి. ఇలాంటి ఊరు ఒక్కటే ఉండాల్సిన పని లేదు.

వార్తల్లో ఎలా జరుగుతుందో మీకు తెలుసు. జెండా కప్పిన పేటిక ఊరికి వస్తుంది. బైకు ర్యాలీలు, నినాదాలు, మంత్రులు, కెమెరాలు. ఆ రోజు జనం పెట్టే కన్నీళ్లు నిజమైనవే, నేను అనుమానించను. 2020 జూన్‌లో గల్వాన్‌లో కల్నల్ సంతోష్‌బాబు అమరులైనప్పుడు సూర్యాపేట అంతా కదిలింది. ఆయనకి మహావీర చక్ర వచ్చింది, ఏడాది తిరిగేసరికి విగ్రహం లేచింది, రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి అండగా నిలిచింది. అలాగే జరగాలి. కానీ అంత వెలుగు అందరి మీదా పడదు. ఉగ్రవాద కాల్పుల్లోనో, మంచుచరియల కిందో పోయిన సిపాయి ఇంటికి పదకొండో రోజు తర్వాత ఎవరెళ్తున్నారు?

నాకు కోపం తెప్పించేది ఇంకొకటి ఉంది. 2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర మురళీ నాయక్ చనిపోయాడు. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం, కల్లి తండా కుర్రాడు. అగ్నివీర్, అంటే అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్ల కోసం సైన్యంలో చేరినవాడు. సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు చేశారు, రాష్ట్ర ప్రభుత్వం సాయం ప్రకటించింది. అగ్నివీర్ సర్వీసులో ఉండగా పోతే 48 లక్షల బీమా ఉంది, విధుల కారణంగా పోతే దానికి తోడు 44 లక్షల పరిహారం ఉంది. అయితే పూర్తికాలం సైనికుడి కుటుంబానికి నెలనెలా వచ్చే పెన్షన్ ఈ పథకంలో లేదు. సరిహద్దులో తగిలిన తూటా ఒకటే. ఒక దేశం తన సైనికుణ్ణి ఎలా గుర్తుపెట్టుకుంటుందో చూడాలంటే నేను విగ్రహం ఎత్తు చూడను, ఆ ఇంట్లో మిగిలినవాళ్లకి ప్రతి నెలా ఏం అందుతోందో చూస్తాను. ఈ తేడా పోవాలి. పోయేదాకా అడుగుతూనే ఉండాలి.

ప్రభుత్వం చేయాల్సింది ప్రభుత్వం చేస్తుంది, చేయకపోతే అడుగుదాం. ఊరు చేయగలిగింది మాత్రం ఈ జనవరికే చేయొచ్చు. మీ పంచాయతీలో అడగండి, బడిలో పెద్ద మాస్టార్ని అడగండి, మీ ఊరి నుంచి సైన్యంలోకి ఎవరెవరు వెళ్లారో ఒక జాబితా రాయండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ప్రతి జిల్లా కేంద్రంలోనూ ఉంటుంది అనుకోకండి, కొన్నిచోట్ల రెండు మూడు జిల్లాలకి కలిపి ఉండొచ్చు, ముందు కనుక్కుని వెళ్లండి. మాజీ సైనికులకీ, వీరనారులకీ (పోయిన సైనికుల భార్యలకి) పెన్షన్ కాగితాలు, పిల్లల చదువు సాయం లాంటివి చూసేది వాళ్లే. మీ ఊళ్లో పోయిన సైనికుడి భార్య ఒంటరిగా ఉంటే, పెన్షన్ కోసం బతికే ఉన్నామని ఏటా ఇవ్వాల్సిన జీవన ప్రమాణ పత్రం ఇచ్చారో లేదో అడగండి. ఆవిడకి ఫోన్లో అది చేయడం రాకపోతే మీరు పది నిమిషాలు కూర్చుని చేసిపెట్టండి. డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినోత్సవం, 1949 నుంచి జరుగుతోంది. ఆ రోజు ఇచ్చే చందా ఈ కుటుంబాల సంక్షేమానికే వెళ్తుంది.

ఇక పండగ రోజు. పొద్దున భోగిమంటో, పెద్దల పూజో అయ్యాక, మధ్యాహ్నం భోజనాల లోపు ఒక్క గంట చాలు. బడి ఆవరణలో నాలుగు కుర్చీలు వేయండి. మాజీ సైనికుల్ని, అమరుల కుటుంబాల్ని పిలవండి. రాసుకున్న జాబితాని ఊరందరి ముందూ ఇంటిపేర్లతో సహా చదవండి, ఎవరి హోదా ఎంతో చూడకుండా. ఇంకా ఓపికున్న తాతగారు ఎవరైనా ఉంటే మైకు ఆయన చేతికివ్వండి, ఎంతసేపు మాట్లాడినా ఆపకండి. ఆ తర్వాత అందరూ కలిసి భోంచేయండి.